యజమాని వాడుకున్న రోజులు

పోయిన వారం చిట్టిని మనం ఆడిటరు ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో నాలుగేళ్లుగా ఎవరూ విప్పని ఇరవై మూడు కవర్లు, వెనకాల మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ ఆమె భర్త. పేరుకి చిట్టి గానీ ఆమెకి నలభై తొమ్మిదేళ్లు. కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది. ఓడల్లో ముప్ఫై ఏళ్లు కరెంటు పనులు చూసి వచ్చేసిన ఆమె భర్తని చుట్టాలందరూ కెప్టెనని పిలుస్తారు. ఆయన ఏనాడూ ఏ ఓడనీ నడపలేదు, అలా పిలవొద్దని ఎవరికీ చెప్పనూ లేదు. ఉద్యోగం వదిలేటప్పుడు చేతికొచ్చిన డబ్బుతో, ఒకప్పుడు తన ఓడ ఆగిన పరాయి దేశపు రేవు పక్కన, సముద్రం కనిపించే రెండు గదుల ఇల్లు కొన్నాడు. సగం తన పేరున, సగం చిట్టి పేరున. సెలవులు గడపడానికి వచ్చేవాళ్లకి వారానికింత అని దాన్ని అద్దెకిస్తున్నారు. ఆ అద్దె సంగతేమిటని అక్కడి పన్ను ఆఫీసు అడగడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. అడుగుతున్నారన్న సంగతి చిట్టికి తెలిసి నాలుగు రోజులైంది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా తమంతట తాము లెక్క ఒప్పుకుంటే పన్నూ వడ్డీతో పోతుంది. ఆ గంట దాటితే మూడింతల జరిమానా. ఈవేళ బుధవారం.

ఆడిటరుకి జలుబు చేసింది. ముప్ఫై అయిదేళ్ల మనిషి, చెయ్యి రుమాలు వదలడం లేదు, కళ్లు కాగితాలు వదలడం లేదు. బల్ల మీద ఇరవై మూడు కవర్లనీ తేదీల వరస ప్రకారం పేర్చి, గాలికి ఎగరకుండా పైన పాత కాలిక్యులేటరు పెట్టింది. గదిలో మూడో కుర్చీ లేదు. పక్కగదిలోంచి ఒక స్టూలు తెప్పిస్తే కెప్టెన్ దాని మీద కూర్చున్నాడు. స్టూలు మరీ పొట్టిది కావడంతో ఆయన గడ్డం సరిగ్గా బల్ల అంచు దాకా వచ్చింది.

"అక్కడ పన్ను కోసేసుకున్నారు కదండీ. మళ్లీ మనం చెప్పడానికి ఏముంది?" అన్నాడు కెప్టెన్. పొద్దుటినుంచి ఈ మాట అనడం ఇది మూడోసారి.

చిట్టికి ఒళ్లు మండింది. కానీ ఆడిటరు మొదటిసారి చెప్తున్నంత ఓపికగా చెప్పింది.

"సార్, మీరు అక్కడ ఉండరు. ఇల్లు అక్కడుంది. ఇల్లెక్కడుంటే దాని అద్దె మీద పన్ను అడిగే మొదటి హక్కు ఆ దేశానిది. మీరు ఊళ్లో లేని యజమాని కాబట్టి, మీ తరఫున ఇల్లు చూసే ఆవిడే ప్రతి అద్దెలోనూ అయిదో వంతు పట్టుకుని వాళ్ల ఆఫీసులో కట్టాలి. అవునా?"

"అదే కదా నేనంటున్నది. తాళాలావిడ కట్టేస్తోంది. చాలా మంచి మనిషి."

"మంచి మనిషే. ఒక్క వారం కూడా తప్పలేదు. కానీ ఆవిడ పట్టుకున్నది మొత్తం అద్దె మీద. కరెంటు, నీళ్లు, పైకప్పు రిపేరు, ఆవిడ జీతం, ఇవేవీ తీసెయ్యకుండా. ఏడాది చివర మీరు రిటర్ను వేసి, ఇదిగో నా ఖర్చులు అని చూపిస్తే మిగిలిన దాని మీదే పన్ను. ఎక్కువ కట్టింది వెనక్కిచ్చేస్తారు." ఆమె వరసలోంచి ఒక కవరు లాగి విప్పింది. "ఇది చూడండి మేడం. మూడేళ్ల కిందటిది. మీకు డబ్బు తిరిగి రావలసి ఉన్నట్టుంది, దయచేసి రిటర్ను వేయండి అని వాళ్లే ఇంగ్లీషులో రాశారు."

చిట్టి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత మడతపెట్టి భర్త గడ్డం ముందు బల్ల మీద పెట్టింది.

"కవరు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. నేను నోటీసనుకున్నాను," అన్నాడు కెప్టెన్.

"నోటీసైతే విప్పరా?" అంది చిట్టి.

కెప్టెన్ ఆ ఉత్తరాన్ని ఇటు తిప్పి అటు తిప్పాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే నడుముకి తాడు కట్టుకుని కిందికి దిగిన మనిషి. ఒక కవరు చింపడానికి నాలుగేళ్లు జంకాడు. ఇన్నేళ్ల కాపురంలో చిట్టికి అర్థం కానివి కొన్ని ఉన్నాయి, వాటిలో ఇదొకటి.

ఆడిటరు రుమాలులో తుమ్మి మళ్లీ అందుకుంది. "రెండో సంగతి. మీరు ఉండేది ఈ దేశంలో. కాబట్టి లోకంలో ఏ మూల సంపాదించినా ఇక్కడి రిటర్నులో కూడా రాయాలి. మీరు రాయలేదు. అక్కడ కట్టిన పన్నుని ఇక్కడ తగ్గిస్తారు. తేడా ఏమైనా ఉంటే అది మాత్రం అడుగుతారు."

"అంటే రెండుసార్లు బాదుతారు."

"రెండుసార్లు చెప్పాలి సార్. రెండుసార్లు కట్టక్కర్లేదు."

"మనం చెప్పకపోతే వీళ్లకి ఎలా తెలుస్తుందండీ?"

ఆడిటరు కెప్టెన్ వైపు కాక చిట్టి వైపు చూసింది. ఈయనతో మీరెలా వేగుతున్నారు అన్నట్టుంది ఆ చూపు. "ఇప్పుడు ఆ దేశం, ఈ దేశం ఏడాదికోసారి కాగితాలు మార్చుకుంటున్నాయి. వచ్చే నెల మీ ఇంటి కాగితం కూడా వస్తుంది. అందుకే శుక్రవారం అంటున్నాను. ఇంకో మాట. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. అక్కడి పద్ధతిలో ఎవరి సగానికి వాళ్లు విడిగా రిటర్ను వేసుకోవాలి. సార్ సగానికి సార్ సంతకం, మీ సగానికి మీ సంతకం. కింద ఒక వాక్యం ఉంటుంది. ఇందులో రాసిందంతా నిజం, అబద్ధమైతే శిక్షకి నేనే బాధ్యురాలిని అని."

చిట్టి తల ఊపింది. రోజూ దుకాణంలో ఆమె చేసేది అలాంటి పనే. కంటికి ఎంత పవరు కావాలో చూసి, కాగితం మీద రాసి, కింద సంతకం పెడుతుంది. పాతికేళ్లలో ఆ సంతకం కింద ఒక్క తప్పుడు అంకె పడలేదు.

"రాయండి మేడం. ఏం అడగాలో అడగండి," అంది.

ఆడిటరు ఫారం తిప్పి వాళ్ల ముందు పెట్టింది. మూడు గడులున్నాయి. ఇల్లు అద్దెకిచ్చిన రోజులు, ఖాళీగా ఉన్న రోజులు, యజమాని వాడుకున్న రోజులు.

"యజమాని ఉన్న రోజులకి ఖర్చులు చూపించకూడదు. సొంత సుఖానికి వాడుకున్నారు కాబట్టి. అందుకే ఈ మూడో గడి గురించి అంత పట్టుదలగా అడుగుతారు."

"సున్నా రాయండి," అంది చిట్టి వెంటనే. "కొన్న కొత్తలో ఒకసారి వెళ్లాం, పది రోజులు. అప్పటికింకా అద్దెకివ్వలేదు. ఆ తర్వాత మేం అటు వెళ్లలేదు. ఈ దుకాణం వదిలి నాకెక్కడ కుదురుతుంది?"

ఆడిటరు సున్నా రాయలేదు. కంప్యూటరులో ఏదో వెతికి తెర ఇటు తిప్పింది. "తాళాలావిడ నిన్న తన రిజిస్టరు ఫొటోలు తీసి పంపింది. తాళం ఎవరికిచ్చింది, ఎప్పుడు తీసుకుంది, అంతా ఉంది. ఏటా చలి తగ్గగానే, ఇంకా జనం రావడం మొదలవక ముందు, నలభై రెండు రోజులు. యజమాని కుటుంబం అని రాసింది. అద్దె లేదు. వరసగా నాలుగేళ్లు."

చిట్టి తెరకి దగ్గరగా వంగింది. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. ఆ దేశపు భాష ఆమెకి రాదు గానీ అంకెలు ఎక్కడైనా అంకెలే. పోయిన ఏడాది తేదీలు చూసింది. ఆ వారాల్లో కెప్టెన్ ఇంట్లోనే ఉన్నాడు. ఆమెకి బాగా గుర్తు. బాగుచేస్తానని దుకాణంలో అద్దాలు అరగదీసే యంత్రాన్ని విప్పేసి, మళ్లీ బిగించడం రాక, పదకొండు రోజులు పని మూలన పడేశాడు. అంతకుముందు ఏడాది అవే రోజుల్లో ఇంట్లోని ఫ్యాన్లన్నీ కిందకి దింపి నేల మీద పరిచాడు. కాబట్టి వెళ్లింది ఈయన కాదు. ఈయన కాకపోతే ఎవరు?

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన కాలిక్యులేటరు వైపు చూస్తున్నాడు.

"ఏవండీ."

"పొరపాటు రాసుంటుంది. ఆవిడకీ వయసు మీద పడుతోంది."

"నాలుగేళ్లూ ఒకే పొరపాటా? సరిగ్గా నలభై రెండు రోజులేనా?"

"పోనీ ఖాళీ అని రాసేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను సార్," అంది ఆడిటరు. గొంతు పెరగలేదు గానీ రుమాలు పక్కన పెట్టింది. "చూసి, ఖాళీ అని నేను రాయను. ఆ రోజుల్లో నీళ్ల బిల్లుంది, కరెంటు బిల్లుంది. ఖాళీ ఇంట్లో ఎవరు స్నానం చేశారని వాళ్లడిగితే నేనేం చెప్పను? నాకు కావలసింది ఒకటే. ఆ మనిషి మీకు బంధువా, కాదా? బంధువైతే యజమాని వాడుకున్నట్టే, అక్కడితో సరి. బంధువు కానివాళ్లని ఊరికే ఉండనిస్తే, అద్దె వచ్చినట్టే లెక్కగట్టి దాని మీద పన్ను వేస్తారు. అక్కడి చట్టం అది. కాబట్టి చెప్పండి. బంధువా, కాదా?"

కెప్టెన్ నీళ్లు నమిలాడు. స్టూలు మీద ఇటు జరిగాడు, అటు జరిగాడు. పెళ్లినాటి నుంచీ చిట్టికి ఆ జరుగుడు తెలుసు. అబద్ధం దొరకనప్పుడు చేసే పని అది.

"బంధువే," అన్నాడు చివరికి.

"మీ తరఫా?"

"కాదండీ. మా ఆవిడ తరఫు."

చిట్టి మొదట తమ్ముడేమో అనుకుంది. వాడికి విమానమంటే భయం. పెద్దనాన్న పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లయితే వెళ్లొచ్చి ఊరంతా చాటింపు వేసేవాళ్లు. ఆ తర్వాత ఆమె ఆలోచన ఒక్కచోట ఆగిపోయింది. చలి తగ్గగానే. నలభై రెండు రోజులు. ఏటా.

"అమ్మా?" అంది.

కెప్టెన్ తల ఊపాడు.

చిట్టి తల్లి లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. డెబ్భై ఒకటో ఏడు. భర్త పోయి పద్నాలుగేళ్లు. ఇదే ఊళ్లో, బస్సులో అరగంట దూరాన, రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. అయిదేళ్ల కిందట గుండెలో స్టెంటు వేశారు. అప్పటినుంచి తల్లి బతుకు బాధ్యతంతా చిట్టి తన చేతుల్లోకి తీసుకుంది. ఉప్పు ఎంత వేసుకోవాలో, ఎన్ని మెట్లు ఎక్కాలో ఆమే చెప్పింది. ప్రతి ఆదివారం వెళ్లి ఏడు గళ్ల డబ్బాలో ఏడు రోజుల మాత్రలు సర్ది వస్తుంది. ఏటా ఒక్కసారి మాత్రం తల్లి నలభై రెండు రోజులు మోకాళ్లకి నీళ్ల వైద్యం చేసే చోటికి వెళ్తుంది. అక్కడ పగలు ఫోన్లు పట్టుకోనివ్వరు. సాయంత్రం ఓ పది నిమిషాలు మాట్లాడిస్తారు.

ఆ వైద్యానికి చిట్టి ప్రతిసారీ తన వంతుగా డబ్బిచ్చింది. తిరిగొచ్చిన తల్లి మొహం నల్లగా కమిలి ఉంటే, ఎండలో కూర్చోబెట్టడం కూడా వైద్యమేనంటే నమ్మింది. ఫోనులో వెనకాల హోరుమంటుంటే అవి పెద్ద పెద్ద నీళ్ల తొట్లనుకుంది. కిందటేడు దుకాణానికి వచ్చిన ఒకావిడ మోకాళ్ల నొప్పులని వాపోతే, మా అమ్మ వెళ్లే చోటు చాలా మంచిదని కూడా చెప్పింది.

"విమానంలో," అంది చిట్టి. "గుండెలో స్టెంటుతో. తొమ్మిది గంటలు విమానంలో కూర్చుని."

"డాక్టరుని అడిగే వెళ్లారు. రాసిచ్చిన కాగితం నేను చూశాను."

"మీరు చూశారు."

"అత్తయ్యే వచ్చి అడిగారు. ఆ ఇల్లు ఏ నెలలో ఊరికే పడుంటుంది అల్లుడుగారూ అని. సముద్రం చూడాలనుందన్నారు. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదంటానా? తాళాలావిడకి నేనే రాశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

ఈసారి కెప్టెన్ స్టూలు మీద జరగలేదు. "అదే అడిగాను. చిట్టికి చెప్తే వద్దంటుంది అన్నారు. వద్దంటే నేను వినేస్తాను, తర్వాత ఇక ఆ డబ్బాలో మాత్రలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోతాను అన్నారు."

పొద్దుటినుంచి చిట్టి పోగుచేసుకున్న కోపం ఒక్కసారిగా ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది. వద్దనేది. నిజమే. రెండో ఆలోచన లేకుండా వద్దనేది. వద్దని, తమ్ముడి చేత కూడా వద్దనిపించి, తల్లి పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టి తాళం వేసేది. ఆ సంగతి ఆమెకి తెలుసు, భర్తకి తెలుసు, తల్లికి అందరికంటే ముందే తెలుసు. అయినా ఇద్దరూ కలిసి తనతో నాలుగేళ్లు నాటకమాడారు. పైగా ఆ నాటకానికి టిక్కెట్టు డబ్బులు తనే ఇచ్చింది.

"సరే. బంధువు అని రాయండి మేడం," అంది ఆడిటరుతో. "మా అమ్మ."

ఆడిటరు పెన్ను తీసింది. రాయబోయి ఆగింది. ఈవేళ ఇలా ఆగడం ఆమెకీ విసుగ్గానే ఉన్నట్టుంది.

"అమ్మగారు సరే. రెండో మనిషి ఎవరు?"

"రెండో మనిషేంటి?"

"రిజిస్టరులో ఇద్దరని ఉంది. నాలుగేళ్లూ ఇద్దరే. రెండు తువ్వాళ్లు, రెండు దిండ్లు. తాళాలావిడ అన్నీ లెక్క రాసుకుంటుంది."

చిట్టి ఈసారి భర్త వైపు తిరగనక్కర్లేకపోయింది. ఆయనే రెండు చేతులూ పైకెత్తాడు.

"నాకు తెలియదు. ఒట్టు. ఒక్కరే ఎలా వెళ్తారు అత్తయ్యా అంటే, తోడు ఒకరు ఉంటారు అన్నారు. స్కూల్లో పనిచేసిన టీచరమ్మ ఎవరో అనుకున్నాను."

"అడగలేదా?"

"అడిగితే నీకు చెప్పాల్సొస్తుంది కదా."

చిట్టి తల పట్టుకుంది. ఇది కూడా విప్పని కవరే. మనిషికి అలవాటైపోయింది. సంచిలోంచి ఫోను తీసి తల్లికి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. మూడు మోతలకే తల్లి ఎత్తింది.

"ఆఁ, చిట్టీ. మాత్ర వేసుకున్నానే. ఉప్పు వెయ్యలేదు. నడక కూడా అయింది."

తను ఒక్క మాటైనా అడగకముందే అన్నీ అప్పజెప్పేసిన ఆ గొంతు విని చిట్టికి ఎక్కడో కలుక్కుమంది. రోజూ ఇలాగే మొదలవుతుందన్న సంగతి ఆమె ఇన్నాళ్లూ గమనించలేదు. గట్టిగా అడుగుదామనుకున్న మాట మెత్తగా వచ్చింది.

"అమ్మా, మేం ఆడిటరు దగ్గరున్నాం. సముద్రం ఇంటి లెక్కలు చూస్తున్నారు. తాళాలావిడ రిజిస్టరు వచ్చింది."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అల్లుడుగారు చెప్పేశారా?"

"రిజిస్టరు చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు."

"ఆయన్ని ఏమీ అనకు. నేనే చెప్పొద్దన్నాను."

"తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు శుక్రవారంలోగా ఈ కాగితం పంపాలి. నేను సంతకం పెట్టాలి, తప్పు రాస్తే నా మీదకొస్తుంది. నీతో ఇంకొకరు ఉన్నారట కదా. ఆవిడ మనకేమైనా చుట్టమా?"

"ఆవిడ కాదు," అంది తల్లి.

కెప్టెన్ నోరు తెరిచాడు. ఆడిటరు తుమ్ము ఆపుకుంది. చిట్టికి మాత్రం ఆ రెండు మాటలూ చెవిలోనే తిరుగుతూ ఉండిపోయాయి. తల్లే మళ్లీ అందుకుంది. పరీక్షలో ప్రశ్న సరిగ్గా చదువుకోమని పిల్లలకి చెప్పే గొంతు అది. చిట్టి ఆ గొంతు విని చాలా ఏళ్లయింది.

"ఫారంలో సరిగ్గా ఏమడిగారు? చదువు."

చిట్టి బదులు ఆడిటరు ముందుకి వంగి చదివింది. "నమస్కారమండీ. ఆ ఇంట్లో ఊరికే ఉన్న వ్యక్తి యజమానికి బంధువా, కాదా అని. యజమాని తల్లిదండ్రులూ, వాళ్లు పెళ్లాడినవాళ్లూ బంధువుల కిందికే వస్తారు. ఏ ఏడాదికా ఏడాది విడిగా చెప్పాలి. నాలుగు గడులున్నాయి."

"విడిగానే కదా. మంచిది. అయితే రాసుకోండమ్మా. మొదటి రెండేళ్లకీ కాదు అని రాయండి." తల్లి గొంతు ఎక్కడా తడబడలేదు. "తర్వాతి రెండేళ్లకీ బంధువే అని రాయండి."

ఆడిటరు పెన్ను కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు. చిట్టి వైపు చూసింది, మళ్లీ ఫోను వైపు చూసింది. ఆమె వృత్తిలో అడగక తప్పని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది.

"దానికి కాగితం ఏదైనా ఉందాండీ?"

"రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరం సంతకాలు పెట్టిన కాగితం ఉంది. అసలు ప్రతి కావాలా, నకలు చాలా?"

"అసలు ఒకసారి చూస్తే మంచిది."

"అడ్రసు చిట్టిని పంపమనండి. అరగంటలో వస్తాం," అని తల్లి ఫోను పెట్టేసింది.

వస్తాను అనలేదు. వస్తాం అంది.